టీవీ కట్టేశాక మాట మిగలాలి: ఇంటిల్లిపాదీ చూసే గోదారి సినిమాల్లో ఏది ఎప్పుడు?

ఆషాఢం ముసురు పట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో శని, ఆదివారాలు రాత్రిపూట సినిమా వేసుకోవడం అలవాటైంది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాట్ల రోజులు కాబట్టి మా ఆయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఏడున్నర అవుతుంది. అన్నాలయ్యాక హాల్లో చాప పరుస్తాం. మావయ్యగారికి పడక్కుర్చీ, అత్తయ్యగారికి గోడవారన పీట, పిల్లలకి తలగడలు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి ఆరో తరగతి. మొత్తం ఆరుగురం, పదకొండేళ్ల నుంచి డెబ్బై ఎనిమిదేళ్ల దాకా.

ఇన్ని వయసులవాళ్లకి కలిపి ఒక సినిమా ఎంచడం ఎంత కష్టమో మొదటి రెండు వారాల్లోనే తెలిసొచ్చింది. ముప్పావుగంట రిమోట్ తిప్పి తిప్పి చివరికి ఏదో ఒకటి పెట్టేవాళ్లం. పావుగంట తిరక్కుండానే ఒకరు ఫోన్లోకి, ఒకరు నిద్రలోకి. అప్పుడు మా అమ్మాయి ఒక పద్ధతి పెట్టింది. నెల రోజులపాటు గోదారి మీద, మన జిల్లాల మీద తీసిన సినిమాలే చూడాలి, ఒకేలాంటి కథలున్నవి రెండేసి జతగా చూడాలి అని. అలా నాలుగు వారాల్లో ఎనిమిది చూశాం. వాటిలో ఏది ఎవరితో కూర్చుని చూడొచ్చో, రెండిట్లో ఒకటే పెట్టుకునే వీలుంటే ఏది పెట్టుకోవాలో నాకు తోచింది రాస్తున్నాను.

నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. సినిమా అయ్యి టీవీ కట్టేశాక ఎంతసేపు మాట్లాడుకున్నాం? సినిమా హాల్లో అయితే టికెట్ కొన్నాం కదా అని చివరిదాకా కూర్చుంటాం. ఇంట్లో ఎవరు ఎప్పుడైనా లేచిపోవచ్చు. అందుకని ఇంట్లో చూసే సినిమాకి బలం తెరమీద ఎంత ఉందో, చాపమీద పుట్టే మాటల్లోనూ అంతే ఉంటుందని నా నమ్మకం.

రెండు లాంచీలు

మొదటి వారం ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006). బాపు తీసిన సినిమా ఒకటి, శేఖర్ కమ్ముల తీసింది ఒకటి. రెండిట్లోనూ మనుషులు లాంచీ ఎక్కి భద్రాచలం వెళ్తారు, కథంతా లాంచీ మీదే జరుగుతుంది. మధ్యలో ముప్పై మూడేళ్ల తేడా.

‘అందాల రాముడు’ బలం మాట. ముళ్లపూడి వెంకటరమణగారి సంభాషణలు ఒకటి విని నవ్వేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. అందుకే ఇది వాన బాగా కురిసే రాత్రి పెట్టకండి. మా వసారాకి రేకులు. జోరుగా వాన పడుతుంటే సగం మాటలు వినపడలేదు, అత్తయ్యగారికి అసలే ఒక చెవి మందం. ‘ఏవన్నాడు, ఏవన్నాడు’ అని ఆవిడ అడుగుతుంటే మావయ్యగారు చెప్తూ ఉన్నారు, ఆ చెప్పడంలో తర్వాతి మాట పోయింది. మర్నాడు వాన తెరిపిచ్చాక మళ్లీ మొదటి అరగంట వేసుకుంటే అప్పుడు తెలిసింది ఏం పోగొట్టుకున్నామో.

‘గోదావరి’కి ఆ ఇబ్బంది తక్కువ. అది మాటతో పాటు చూపుతో, పాటతో నడుస్తుంది. నీళ్లమీద వెలుతురు మారడం, లాంచీ అంచున ఇద్దరు ఊరికే నిలబడటం, ఇవి వాన చప్పుడులో కూడా అందుతాయి. పైగా కోటిగాడనే కుక్క మనసులో మాటలు మనకి వినపడతాయి, బుడగలమ్మే కుర్రాడు ఉన్నాడు. మా అబ్బాయి పూర్తిగా కూర్చుని చూసిన మొదటి సినిమా ఇదే. ‘అందాల రాముడు’కి వాడు ఇరవై నిమిషాలకే వెళ్లిపోయాడు. చిన్నపిల్లలున్న ఇల్లయితే సందేహం లేకుండా ‘గోదావరి’.

కానీ టీవీ కట్టేశాక లెక్క తిరగబడింది. ‘గోదావరి’ అయ్యాక హీరో హీరోయిన్ల గురించి పది నిమిషాలు మాట్లాడుకుని పడుకున్నాం. ‘అందాల రాముడు’ అయ్యాక అత్తయ్యగారు పీట మీంచి లేవలేదు. పెళ్లయిన కొత్తలో లాంచీలో భద్రాచలం వెళ్లారట. రాజమండ్రిలో తెల్లారగట్ల ఎక్కడం, పేరంటాలపల్లి దగ్గర ఆగి ఆశ్రమం చూడటం, చీకటి పడ్డాక ఇసుక మీద రాళ్లు పేర్చి ఎవరో ముసలావిడ అన్నం వండితే అందరూ పంచుకోవడం. ‘ఆవిడ చింతకాయ పచ్చడి తెచ్చుకుంది. లాంచీలో సగంమంది ఆ పచ్చడే తిన్నారు’ అన్నారు. మా పెళ్లై పంతొమ్మిదేళ్లయింది, ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు.

ఆ రెండు సినిమాల మీదా ఇప్పుడు ఒక బరువు కూడా ఉంది. రాజమండ్రి రేవులో ఎక్కి భద్రాచలంలో దిగే ఆ ప్రయాణం ఇక లేదు. పోలవరం దగ్గర నదికి అడ్డుకట్ట పడింది. పాపికొండలు చూడ్డానికి వెళ్లేవాళ్లు గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కుతున్నారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న లాంచీ మునిగి జనం పోయిన సంగతి ఈ వైపు ఎవరమూ మర్చిపోలేదు. ‘గోదావరి’ చూస్తున్నంతసేపూ అత్తయ్యగారికి టెన్షనే. లాంచీ రెయిలింగ్ దగ్గరికి పిల్లాడు వెళ్తే చాలు ‘వాడికి జాకెట్ ఏదీ’ అంటారు. 2006లో సినిమా హాల్లో చూసినప్పుడు ఆవిడకి ఆ ఊహే రాలేదు. ఇంట్లో నీటి ప్రమాదంలో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లుంటే, ఈ జతని పెట్టేముందు వాళ్లని ఒక్క మాట అడగండి.

ఒకటే చూడాలంటే: పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో, వాన లేని రాత్రి ‘అందాల రాముడు’. పిల్లలు, చుట్టాలు, అన్ని వయసులవాళ్లు కలిసినప్పుడు ‘గోదావరి’. రెండూ ప్రయాణాలే కాబట్టి మధ్యలో ఆపి మర్నాడు చూసినా పర్వాలేదు.

ఊళ్లో తాత, దేశం మీద పిల్లలు

రెండో వారం ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991), ‘శతమానం భవతి’ (2017). ఈ జత విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది ఒక తప్పు చేశాక ఏర్పడింది.

క్రాంతికుమార్ తీసిన మొదటిదాంట్లో అమెరికా నుంచి మనవరాలు ఒక్కతే వస్తుంది. తన తండ్రి చనిపోయాడన్న సంగతి తాతకి, నాయనమ్మకి చెప్పకుండా కడుపులో దాచుకుని ఇల్లంతా తిరుగుతుంది. అక్కినేని, మీనా, రోహిణీ హట్టంగడి. రెండోది ఆత్రేయపురంలో జరిగే కథ. విదేశాల్లో స్థిరపడ్డ పిల్లల్ని సంక్రాంతికి రప్పించడానికి తండ్రి ఒక ఉపాయం పన్నుతాడు. ప్రకాష్ రాజ్, జయసుధ, శర్వానంద్. కుటుంబమంతా చూసే మంచి వినోదం అని జాతీయ అవార్డు కూడా వచ్చింది.

అవార్డు వచ్చింది కదా, కుటుంబ సినిమా కదా అని, అమెరికా నుంచి మా ఆడపడుచు వచ్చి ఉన్న వారంలో ‘శతమానం భవతి’ పెట్టాను. మొదటి గంట అందరూ నవ్వారు. తర్వాత పిల్లలు పట్టించుకోలేదని తల్లి బాధపడే ఘట్టాలు వస్తుంటే హాల్లో ఎవరూ ఎవరి వంకా చూడలేదు. వదిన లేచి వంటింట్లోకి వెళ్లి కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది. మూడేళ్లకొకసారి పదిహేను రోజుల సెలవు మీద వచ్చిన మనిషి ఆవిడ. అందులో రెండు రోజులు విమానాలకే పోతాయి. టీవీ కట్టేశాక మాటలు లేవు. అందరూ త్వరగా పడుకున్నాం.

మర్నాడు ఆవిడే అడిగి ‘సీతారామయ్యగారి మనవరాలు’ పెట్టించుకుంది. అందరూ ఏడ్చారు. మావయ్యగారు కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ తర్వాత రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నారు, తండ్రీ కూతుళ్లు. అమెరికా సంబంధం వచ్చినప్పుడు ఆయన ఎందుకు మొండికేశారో, ఆవిడ ఎంత కోపంతో విమానం ఎక్కిందో, అన్నీ.

నాకు అర్థమైంది ఇది. 1991 సినిమాలో తప్పు పెద్దాయన పంతంలో కూడా ఉంది. కొడుకుతో మాట మానేసిన తండ్రి ఆయన. ఆ ముడి తెరమీద విప్పుతుంటే చూసే పెద్దవాళ్లకి తమ వంతు గుర్తొస్తుంది, పిల్లలకి తమ వంతు గుర్తొస్తుంది. 2017 సినిమాలో తప్పు దాదాపుగా పిల్లల వైపే వాలి ఉంది. పండగ, పల్లె, పచ్చదనం అన్నీ ముచ్చటగా ఉంటాయి, మా మేనత్త అయితే మూడుసార్లు చూసింది. కానీ ఎదురుగా దూరం నుంచి వచ్చిన బిడ్డ కూర్చుని ఉంటే అది వేలెత్తి చూపినట్టు అవుతుంది.

అందుకని: పరదేశం నుంచి, హైదరాబాదు నుంచి పిల్లలు వచ్చి ఉన్నప్పుడు ‘సీతారామయ్యగారి మనవరాలు’. పండగ ముందు ఇల్లు దులుపుకునే రోజుల్లో, ఊళ్లోవాళ్లమే ఉన్నప్పుడు ‘శతమానం భవతి’. మొదటిదాన్ని మాత్రం మధ్యలో ఆపకండి. ఆ అమ్మాయి దాచిన నిజం బయటపడేదాకా గుండెలో ఒక బిగువు ఉంటుంది, రెండు రాత్రులకి చీలిస్తే అది పోతుంది.

పడవవాడు, బ్యాండు కుర్రాడు

ఈ జత కలపాలన్నది పూర్తిగా మా అమ్మాయి ఆలోచన. ‘మూగమనసులు’ (1964), ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ (2024). అరవై ఏళ్ల ఎడం. మొదట విన్నప్పుడు ఈ రెండిటికీ ఏం పోలిక అనుకున్నాను. చూశాక ఈ నెలంతటిలో ఇదే మంచి జత అనిపించింది.

శనివారం ‘మూగమనసులు’. ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమా, అక్కినేని, సావిత్రి, జమున. పడవ నడిపే గోపి, అతని పడవలో రోజూ గోదారి దాటి కాలేజీకి వెళ్లే జమీందారుగారి అమ్మాయి రాధ. మావయ్యగారు ఈ సినిమా వచ్చిన ఏడే కాలేజీలో చేరారు. వాళ్లది రాజోలు వైపు. అప్పటికి బోడసకుర్రు దగ్గర వంతెన లేదు, గోదారి పాయ వైనతేయ దాటి అమలాపురం రావాలంటే పడవే. కాబట్టి తెరమీద రాధ పడవెక్కగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.

సినిమా అయ్యాక ఆయన రెండు అరిచేతులూ ముందుకు చాపి చూపించారు. ‘గెడ ఇలా పట్టుకునేవాడమ్మాయ్. పై చెయ్యి వదులుగా, కింది చెయ్యి బిగించి. నేలకి తగిలేదాకా దింపి, ఛాతీతో తోసుకుంటూ పడవ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచేవాడు. మళ్లీ వెనక్కొచ్చేవాడు. ఏరు దాటేలోపు ఎన్నిసార్లు నడిచేవాడో. పుష్యమాసంలో పొద్దున్నే గెడ మంచుముక్కలా ఉండేది. ఇక్కడ’ అని బొటనవేలి మొదలు చూపించి, ‘ఇక్కడ చీలిపోయి ఉండేది. పసుపు పెట్టుకుని వచ్చేవాడు’ అన్నారు. డబ్బులు రోజూ ఇచ్చేవాళ్లు కాదట. కోతలప్పుడు ఇంటికి వస్తే ధాన్యం కొలిచేవారు.

మా అమ్మాయి అడిగింది. ‘ఆయన పేరేంటి తాతయ్యా?’

మావయ్యగారు చెప్పబోయి ఆగారు. కాసేపు పైకి చూశారు. ‘పడవాయన అనేవాళ్లం’ అన్నారు. మూడేళ్లు, రోజుకి రెండుసార్లు ఎక్కిన పడవ అది.

ఆదివారం ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’. అంబాజీపేట మాకు కొబ్బరికాయల బేరానికి వెళ్లే ఊరు, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తినడానికి ఆగే ఊరు. పేరు వినగానే అబ్బాయి పొట్టిక్కల గురించే అనుకున్నాడు. ఇది ఆ సరదా సినిమా కాదు. క్షవరం చేసే ఇంట్లో పుట్టి బ్యాండు వాయించే మల్లి, బడిలో పంతులమ్మగా చేసే అతని అక్క పద్మ, ఊళ్లో డబ్బు, అధికారం ఉన్న వెంకట్. వెంకట్ చెల్లెలు, మల్లి ఇష్టపడతారు. కథ 2007లో జరుగుతుంది. మల్లిగా సుహాస్ బాగా చేశాడు, కానీ సినిమాని మోసింది పద్మగా వేసిన శరణ్య ప్రదీప్. పద్మ మీద జరిగే ఒక దౌర్జన్యం చూడటం కష్టం. చిన్నపిల్లల్ని ముందే పడుకోబెట్టండి. మా వాణ్ణి మొదటి అరగంటకే నాయనమ్మ గదిలోకి పంపేశాం.

అప్పుడు అమ్మాయి చెప్పిన మాట నేను ఇంకా తలుచుకుంటున్నాను. పడవవాడికి, జమీందారుగారి అమ్మాయికి ప్రేమ కుదరడానికి 1964లో ఇంకో జన్మ కావలసి వచ్చిందమ్మా, అంది. మొదటి జన్మలో ఎవరూ ఒప్పుకోరని సినిమాకే తెలుసు. 2024కి వచ్చేసరికి ఇంకో జన్మ ఎత్తే పని పెట్టలేదు, కానీ ఆ కుర్రాడికి గుండు గీశారు. అక్క మాత్రం ఊరుకోలేదు, ఈ జన్మలోనే లెక్క అడిగింది. ఇలా చెప్పి అది ఇంకో ప్రశ్న వేసింది. ‘మీ పెళ్లికి బ్యాండు వచ్చింది కదా. వాళ్లు ఎక్కడ భోంచేశారు?’

నాకు తెలియదు. మా ఆయనకీ తెలియదు. అత్తయ్యగారికి గుర్తుంది. ‘పశువుల పాక పక్కన. ఆఖరి బంతి అయ్యాక ఆకులేశారు. గారెలు అయిపోయాయి అప్పటికి’ అన్నారు. కాసేపటికి ‘పులిహోర ఉంది’ అని కూడా అన్నారు.

ఆ రాత్రి ఒంటిగంట దాకా ఎవరం పడుకోలేదు. గట్టిగా వాదనలేమీ జరగలేదు. ఒక్కొక్కరం ఒక్కొక్కటి గుర్తు చేసుకుంటూ పోయాం. 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు కూడా మా ఇంట్లో ఈ మాటలు రాలేదు. అప్పుడు తలుపులేసుకుని, ఇంటర్నెట్ లేక, భయంగా కూర్చున్నాం అంతే. రెండు రోజుల తర్వాత మావయ్యగారు రాజోలు వైపున్న పాత స్నేహితుడికి ఫోన్ చేశారు. యోగక్షేమాలు అయ్యాక మెల్లగా, ‘మన రేవులో పడవాయన పేరేంట్రా’ అని అడిగారు. అవతలాయనకి తెలుసు. మావయ్యగారు ఆ పేరు క్యాలెండర్ మీద మంగళవారం గడిలో రాసుకున్నారు.

కాబట్టి ఈ జతలో ఏది అంటే నేను ఒకటి తీసి ఒకటి పెట్టలేను. ఇంట్లో పదిహేను దాటిన పిల్లలుంటే రెండూ చూడండి, ముందు పాతది, మర్నాడే కొత్తది. మధ్యలో వారం గడిస్తే పోలిక పలచబడిపోతుంది. ఒకటే చూసే ఓపిక ఉంటే, పెద్దవాళ్లకి ‘మూగమనసులు’. జమున నటన కోసమైనా చూడాలి. ఇదే కథని ఆదుర్తిగారే 1967లో హిందీలో ‘మిలన్’గా తీస్తే, అందులోనూ ఆ పాత్ర జమునదే, ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. పిల్లలకి మాత్రం ‘అంబాజీపేట’. దీన్ని ఒకే రాత్రి పూర్తిచేయాలి. మొదటి సగం నవ్వుతూ పోతుంది. అక్కడ ఆపేస్తే తప్పుడు సినిమా చూసి పడుకున్నట్టే.

కుర్రాళ్ల సినిమాలు రెండు

‘కమిటీ కుర్రోళ్ళు’, ‘ఆయ్’ రెండూ 2024 ఆగస్టులో వారం తేడాతో వచ్చాయి. రెండూ మన పల్లెల్లో స్నేహితుల కథలే, రెండూ కులం సంగతి ఎత్తుతాయి. ‘ఆయ్’ దాన్ని నవ్వుల్లో కలిపి చెప్తుంది. యాస చెవికి హాయిగా ఉంది. పేరులో ఉన్న ఆ మాటని మా మావయ్యగారు రోజుకి యాభైసార్లు అంటారు, అబ్బాయి లెక్కపెట్టి మరీ చెప్పాడు. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ పోగైన రాత్రి ఇదే సరైనది. జంతికల డబ్బా దగ్గర పెట్టుకుని, మధ్యలో లేచి తిరిగొచ్చినా కథ అందుతుంది.

‘కమిటీ కుర్రోళ్ళు’లో పాత్రలు ఎక్కువ, ఎవరు ఎవరో పట్టుకోవడానికి అరగంట పట్టింది. కానీ రిజర్వేషన్ల మాట మీద స్నేహితులు విడిపోయే ఘట్టం నిజంగా మన అరుగుల మీద విన్న మాటలతోనే రాశారు. పన్నెండేళ్లకోసారి వచ్చే జాతర చుట్టూ కథని బాగా కట్టారు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసే పిల్లలున్న ఇంట్లో ఇది తప్పకుండా మాట లేపుతుంది. ఆ మాటకి సిద్ధంగా ఉంటేనే పెట్టండి. మా ఇంట్లో మా ఆయనకీ అమ్మాయికీ ఒక వారం తెగలేదు. నాకు మాత్రం రెండిట్లో ఇదే ఎక్కువ నచ్చింది.

ఇక ఈ ఎనిమిదిలో లేనివి. వంశీ తీసిన ‘లేడీస్ టైలర్’ (1986) అంటే నాకు ప్రాణం, ఇళయరాజా పాటలు ఇప్పటికీ వంట చేస్తూ పాడుకుంటాను. కానీ కథ నడిచేదంతా అమ్మాయి తొడమీద పుట్టుమచ్చ వెతుకులాట మీద. అత్తగారు, ఆరో తరగతి కుర్రాడు చెరో పక్కన ఉన్నప్పుడు పెట్టే సినిమా కాదది. మధ్యాహ్నం పూట తోడికోడళ్లమే ఉన్నప్పుడు చూసుకుంటాం. ‘శంకరాభరణం’ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు, కొత్తగా ఎంచుకునే పని లేదు.

పెట్టేముందు చూసుకోవలసినవి

పాత సినిమాలు చాలామటుకు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఒకే సినిమా నాలుగైదు చోట్ల ఉంటుంది, మొదట కనపడింది నొక్కేయకండి. ‘మూగమనసులు’ లాంటి నలుపు–తెలుపు సినిమాలు చదరానికి దగ్గరగా ఉండే తెర కోసం తీసినవి. ఇప్పటి టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు కనిపిస్తేనే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. తెర నిండా సాగదీసిన ప్రింటులో సావిత్రిగారి మొహం వెడల్పైపోతుంది, పైనా కిందా కత్తిరించినదాంట్లో నుదుటి బొట్టు కూడా పోతుంది. మేం మొదట అలాంటిదే పెట్టి పది నిమిషాలు చూశాక మార్చాం. అత్తయ్యగారు ‘ఇదీ సావిత్రి’ అన్నారు అప్పుడు.

కొత్తవి ఏ యాప్‌లో ఉన్నాయో మారుతూ ఉంటుంది. సినిమా కోసం కొత్తగా ఏడాది చందా కట్టకండి. నెలకి కట్టి, ఆ నెలలో కావలసినవి నాలుగు చూసి మానేయడం నయం. ‘అంబాజీపేట’ మేం ఆహాలో చూశాం, ‘కమిటీ కుర్రోళ్ళు’ ఈటీవీ విన్‌లో. ముందురోజే మీ టీవీలో పెట్టి ఒక నిమిషం ఆడించి చూసుకోండి. వానరోజుల్లో డిష్ సిగ్నల్ పోతుంది, కొబ్బరిమట్ట తీగల మీద పడితే కరెంటే పోతుంది. ఇన్వర్టర్ ఉన్నా ఇంటర్నెట్ పెట్టెని దానికి కలిపారో లేదో చూసుకోవాలి. మాకు ‘సీతారామయ్యగారి మనవరాలు’ సరిగ్గా చివరి పావుగంటలో ఆగింది. లాంతరు వెలుతురులో మా వదిన మిగతా కథ నోటితో చెప్పింది. కరెంటు వచ్చాక ఆ పావుగంటా మళ్లీ చూశాం.

చెవి సరిగ్గా వినపడని పెద్దవాళ్లకి కింద వచ్చే అక్షరాలు సాయం అనుకుంటాం కానీ మన సినిమాలకి ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. అత్తయ్యగారికి అవి పనికిరావు. మేం చేసింది ఏంటంటే టీవీ సౌండ్ సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినపడే మోడ్ ఉంటుంది, అది పెట్టి, ఆవిడ పీటని గోడ దగ్గర్నుంచి టీవీకి ఎడమపక్కకి జరిపాం. వినపడే చెవి అటువైపుంది. దాంతో ‘ఏవన్నాడు’ అనడం సగానికి సగం తగ్గింది.

నిడివి కూడా చూసుకోండి. ఎనిమిదిన్నరకి మొదలుపెడితే పాత సినిమా పదకొండు దాటుతుంది, ఆ తర్వాత మాటలకి గంటైనా మిగలాలి. అందుకే బరువైన సినిమా శనివారం, తేలికైనది ఆదివారం అని మొదట్లో అనుకున్నాం. ‘అంబాజీపేట’ ఆదివారం పడటంతో సోమవారం పొద్దున్న అబ్బాయి తప్ప అందరం ఆలస్యంగానే లేచాం.

వచ్చే వారానికి మావయ్యగారు ‘ముత్యాల ముగ్గు’ (1975) అడిగారు. దానికి జతగా ఏది పెట్టాలో మా అమ్మాయి ఇంకా తేల్చలేదు.